మామ్మ వినకుండా పోయిన కథ

బస్సు మెట్టెక్కేటప్పుడల్లా "యేసయ్యా" అంటాను. భక్తితో కాదు, మోకాలి నొప్పితో. పాలకొల్లు బస్టాండులో కండక్టర్లందరికీ ఆ మాట అలవాటైపోయింది. సంఘంలో నన్ను బైబిల్ స్త్రీ అంటారు. అంటే ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మనిషి. పెళ్ళికి ముందు మొదలుపెట్టాను, మా ఆయన పోయాక కూడా మానలేదు. "ఇంకా తిరుగుతున్నారాండి?" అని ఎవరైనా అడిగితే ఒళ్ళు మండుతుంది. నేను తిరక్కపోతే ఎవరు తిరుగుతారు? ఇప్పటివాళ్ళు ఫోన్లో ప్రసంగం పెట్టేసి పని అయిపోయిందనుకుంటున్నారు.

తిరిగి తిరిగి అలిసిపోయిన ఈ వయసులో సంఘం నాకు అప్పగించింది బాతులవాళ్ళని. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజల మీదా నత్తల మీదా బాతుల మందల్ని మేపుకుంటూ తిరిగేవాళ్ళు. కాలవగట్టు మీద బరకం కప్పిన గుడారం, పక్కనే వల కట్టిన దొడ్డి, అంతే వాళ్ళ సంసారం. చదువు ఎవరికీ రాదు. పుస్తకం తెరిచి చదివితే మొహమాటానికి కాసేపు కూర్చుని, బాతులు పక్కచేలో పడ్డాయంటూ లేచిపోతారు. అదే కథ చెబితే, బాతులు నిజంగా పక్కచేలో పడినా కదలరు.

ఇలాంటివాళ్ళకు ఎలా చెప్పాలో మాకు కాకినాడలో శిక్షణ ఇచ్చారు. పుస్తకం ముట్టుకోవద్దు. సృష్టి దగ్గర మొదలుపెట్టి వరసగా కథల్లాగే చెప్పండి. వారానికొకటే చెప్పండి. విన్నదాన్ని మళ్ళీ వాళ్ళ చేత చెప్పించండి. ఏసీ హాల్లో కూర్చుని వింటే అంతా బాగానే ఉంది. ఆ చెప్పినాయన ఎప్పుడైనా మిట్టమధ్యాహ్నం కాలవగట్టు మీద కూర్చుని చెప్పాడో లేదో నాకు తెలియదు.

ఆ గుడారాల్లో పెద్దదిక్కు ఒక ముసలావిడ. అందరూ మామ్మ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. చెవులు సరిగా వినపడవు. అందుకని నా మోకాళ్ళకు తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, నా నోటివంకా చేతులవంకా చూస్తూ వినేది. వెళ్ళగానే మొదటి మాట, "తిన్నావా అమ్మాయ్?" అని. నా నెరిసిన జుట్టును చూసి కూడా నన్ను అమ్మాయ్ అనే మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే మిగిలింది. "తినే వచ్చాను మామ్మా" అనేదాన్ని. తిన్నా తినకపోయినా అందరం అనే మాటే కదా అది.

కథలో కూడా ఆవిడకి తిండి ధ్యాసే. జలప్రళయం చెప్పినరోజు, జంతువులన్నిటినీ ఓడ ఎక్కించాడని నేను చేతులూపుతూ చెబుతుంటే, మధ్యలో ఆపింది.

"బాతుల్నెందుకెక్కించాడు? అవి ఈదుకుంటా వచ్చేవి కదా?"

గుడారాలన్నీ పగలబడి నవ్వాయి. నాకూ నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "సర్లే, అన్నాళ్ళు ఆ ఓడలో ఏం తిన్నారు?" అంది.

"అదంతా తెలీదు మామ్మా."

"కథ చెప్పేదానివి, ఏం తిన్నారో తెలీకపోతే ఎలాగమ్మాయ్?"

ఇంటికొచ్చి ఆ రాత్రి అద్దాలు పెట్టుకుని వెతికాను. ఆ తర్వాత ప్రతి వారం, కథలో ఎవరెవరు ఏం తిన్నారో ముందే చూసుకుని వెళ్ళేదాన్ని. ఇన్నేళ్ళుగా చదువుతున్న పుస్తకంలో ఇంత వంట ఉందని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ళకి ఒక పట్టింపు ఉంది. కథ మొదలుపెట్టినవాళ్ళే ముగించాలి. మధ్యలో ఇంకొకరు అందుకోకూడదు. ముగిసేదాకా ఆ కథను బయట ఎవరికీ చెప్పకూడదు. ముగిసిందంటే ఇక అది అందరిదీ. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, శిక్షణలో చెప్పినట్టు మామ్మ కోడలిని "పోయిన వారం కథ నువ్వు చెప్పమ్మా" అని అడిగాను. నెమ్మదైన పిల్ల. సిగ్గనుకున్నాను.

"మీ కథ ఇంకా అవ్వలేదు కదండీ" అంది.

"పోయిన వారంది అయిపోయిందమ్మా. ఇవాళ్టిది వేరే కథ."

మామ్మకి ఆ మాట ఎలా అందిందో గాని అందింది. "ఇదంతా యేసయ్య కథే అని మొదటిరోజే చెప్పావుగా! ఆయనది అయ్యేదాకా అవ్వనట్టే" అంది. ఏం చెప్పమంటారు? ఆ మాట నేనే అన్నాను. నెలనెలా మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరుగారు, "బాతులవాళ్ళు ఎంతవరకు వచ్చారమ్మా, ఎవరైనా బాప్తిస్మానికి సిద్ధమా?" అని అడుగుతారు. "నేను చెబుతున్నాను, వాళ్ళు వింటున్నారండి" అనేదాన్ని. వాళ్ళు గట్టు మారితే నేనూ బస్సు మారుతూ, వాళ్ళ వెనకే తిరిగాను. సార్వా పంట చేలు పోయి, రెండో పంట దాళ్వా చేలు వచ్చాయి. ఓపిక మాత్రం తగ్గుతూ వచ్చింది.

చివరికి సిలువ దగ్గరికి వచ్చాం. ఆరోజు ఎండకి కాలవలో నీళ్ళు కూడా వేడెక్కాయి. ఆఖరి భోజనం చెబుతుంటే మామ్మ తల ఊపింది. "పోతా పోతా అందరికీ పెట్టి పోయాడు. పద్ధతైన మనిషి" అంది. సిలువ మీద దాహమంటే పుల్లటి రసం ఇచ్చారన్నప్పుడు మాత్రం ఆవిడ ముఖం ఎర్రబడింది. "దాహమన్నవాడికి మంచినీళ్ళివ్వరూ? మనుషులేనా వాళ్ళు!" అని మట్టి తీసి కాలవలోకి విసిరింది. ఆయన్ని దించి, బట్ట చుట్టి, రాతిలో తొలిచిన గోతిలో పెట్టి, రాయి అడ్డం దొర్లించారని చెప్పి ఆపాను.

అక్కడ ఆపాలి. శిక్షణలో నొక్కి చెప్పిన మాట అది. ఆ బరువు వారం రోజులు వాళ్ళ మీద ఉండనివ్వండి, అప్పుడే మిగతాది లోపలికి దిగుతుంది అన్నారు. దానికి తోడు అవతల రోడ్డు మీద నా బస్సు వచ్చే వేళయింది. అది పోతే ఇక ఏదీ లేదు. నేను లేచి చీర దులుపుకుంటుంటే మామ్మ నా కొంగు పట్టుకుంది.

"మనిషిని గోతిలో పెట్టేసి బస్సెక్కి పోతావేంటమ్మాయ్?"

"వచ్చే గురువారం చెబుతాను మామ్మా. ఇంకా ఉంది."

"ఉందా? గోతిలో పెట్టాక కూడా ఉందా?"

"ఉంది. అసలుది అక్కడే ఉంది."

"అయితే ఇప్పుడే చెప్పు."

కోడలు అడ్డం వచ్చింది. "పోనీ అత్తా, ఆవిడ బస్సెళ్ళిపోద్ది, మళ్ళీ ఆటో కూడా దొరకదు." మామ్మ కొంగు వదిలింది గాని కళ్ళు వదల్లేదు. "సరే పో. అది తెలుసుకునేదాకా నేను చావన్లే" అని బోసినోటితో నవ్వింది. నేనూ నవ్వుతూనే బస్సెక్కాను.

గురువారం వెళితే గట్టు ఖాళీ. పొయ్యి బూడిద, ఈకలు, వలగుంజలు పాతిన గుంటలు. మోపెడ్ మీద పోతున్న రైతు ఒకాయన ఆగి చెప్పాడు. "పక్కచేలో పురుగుల మందు కొట్టారండి. బాతులు చస్తాయని ఎత్తేశారు. మొగల్తూరు వైపన్నారు." నాకు ప్రాణం ఉసూరుమంది. కోడలి ఫోను నంబరు ఉంది, చేస్తే స్విచాఫ్. ఆ ఎండలో, ఆ ఖాళీ గట్టు మీద నిలబడి వాళ్ళ మీదా, మందు కొట్టినవాడి మీదా, కాకినాడలో శిక్షణ ఇచ్చినాయన మీదా కోపగించుకుని మళ్ళీ బస్సెక్కాను. "యేసయ్యా" అన్నాను.

తర్వాత వారం మధ్యలో కోడలే ఫోను చేసింది. వాళ్ళ ఫోన్లో పేర్లుండవు, ఫొటోలుంటాయి. నేను నోరు తెరిచి కథ చెబుతున్న ఫొటో ఒకటి తీసి పెట్టుకుంది. దాన్ని నొక్కితే నేను వస్తాను.

"అమ్మగారూ, అత్తకి జొరమండి. ఏం తినట్లేదు. ఆయనకి తర్వాత ఏమైందని ఒకటే గొడవ."

"ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టమ్మా, చెబుతాను."

"ఫోన్లో వినపడదండి ఆవిడకి. మీ ముఖం చూడాల."

"పోనీ నీకు చెబుతాను, నువ్వు చెప్పు."

"అమ్మో, నేనా! మొదలెట్టింది మీరు. నేను చెప్తే ఒప్పుకుంటదాండి?"

నేను అప్పటికి మంచం మీద ఉన్నాను. మోకాలు పొంగిపోయి, కాలు కింద పెట్టనివ్వడం లేదు. కదలొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆదివారానికి తగ్గుతుంది, గుడిలో ఆరాధన అవగానే వచ్చేస్తానని చెప్పమన్నాను. "చెప్తానండి, ఆదివారం దాకా ఊరుకుంటదిలెండి" అంది.

శుక్రవారం మళ్ళీ ఆ పిల్లే. "పోయిందండి" అంది. అంతే. పొద్దున పోయిందట, పొద్దుగూకేలోపు ఆ గట్టు పక్కనే పూడ్చేశారట. నేను ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎంతోమందిని సాగనంపాను, ఎన్నో సమాధుల దగ్గర పాటలు పాడాను. ఆయన లేచాడన్న ఒక్క మాట, నేను ఊరూరా ఊదరగొట్టిన మాట, అడిగి అడిగి ఎదురుచూసిన ఆ ఒక్క మనిషికే అందలేదు. దుఃఖం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

ఆదివారం గుడికి తెల్లచీర కట్టుకుంటుంటే ఫోను మోగింది.

"అమ్మగారూ, కాకి ముట్టట్లేదండి."

చిన్నదినం. మూడో రోజున పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, పూడ్చినచోట ఆకులో పెడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు బతికున్నవాళ్ళు ఆకు ముందు నిలబడి, అది చేస్తాం, ఇది చేస్తాం అని మాటిస్తారు.

"అన్నీ చెప్పామండి. చెల్లిని చూసుకుంటానని మా ఆయన చెప్పాడు. అత్త సాకిన కుంటిబాతుని ఎప్పటికీ అమ్మనని నేను చెప్పాను. కాకి అక్కడే ఉంది గాని దిగట్లేదు. అప్పుడు గుర్తొచ్చిందండి నాకు. మీ కథ."

ఇన్నేళ్ళల్లో ఎన్ని అరుగుల మీద కూర్చుని "కాకి కాకేనమ్మా, దానికేం తెలుసు" అని చెప్పానో లెక్కలేదు.

"వస్తారాండి?" అంది. "అత్తని అలా వదిలేసి ఎలా పోతామండి? మందని రేపు లేపాల."

"వస్తున్నాను" అన్నాను.

అయ్యగారికి ఫోను చేసి సంగతి చెప్పాను. మంచి కుర్రాడు, నా కొడుకు వయసు.

"కర్మకి వెళ్తున్నారా అమ్మా?" అన్నారు. "సంఘంలో తెలిస్తే ఏమంటారండి?"

"కర్మకి కాదండి. కథ కొంచెం మిగిలిపోయింది, చెప్పి వస్తాను."

"ఎవరికమ్మా?"

ఫోను చెవి దగ్గర పెట్టుకునే సంచీ సర్దుకుంటున్నాను. నేను వింటున్నానో లేదో అన్నట్టు "అమ్మా, అమ్మా" అంటున్నారు. ఒళ్ళు మండి, "మనవాళ్ళు మనిషి పోయిన పదకొండో రోజున ఆదరణ కూడికని పెట్టి పలావు వండించట్లేదాండి?" అన్నాను. ఆయన మాత్రం "జాగ్రత్తగా వెళ్ళిరండి, మోకాలు జాగ్రత్త" అన్నారు. నా మాటకి నేనే నొచ్చుకున్నాను.

నరసాపురం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో, ఆటో దిగాక రొయ్యల చెరువుల మధ్య నడక. తెల్లచీర అంచంతా బురదయింది. కోడలు రోడ్డు దాకా ఎదురొచ్చి నా సంచీ అందుకుంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది.

గట్టు దిగువన కొత్తమట్టి దిబ్బ. దాని ముందు అరిటాకు. అన్నం, చేపల పులుసు, కాల్చిన ఎండుచేప, ఉడికించిన బాతుగుడ్డు, గ్లాసులో టీ. అన్నం మీద ఈగలు ముసురుతున్నాయి. కాకి వలగుంజ మీద కూర్చుని ఉంది. వీళ్ళకి కాకంటే గిట్టదు. గుడ్లెత్తుకుపోతుందని, పిల్లల్ని పొడుస్తుందని రోజంతా మట్టిబెడ్డలు విసిరి తరుముతారు. అలాంటి మనుషులు చేతులు కట్టుకుని దాన్నే బతిమాలుతున్నారు. "రా అమ్మా, రా, ముట్టు, నీకు పుణ్యముంటది" అని మామ్మ కొడుకు ఏడుస్తున్నాడు.

నేను దిబ్బకి ఎదురుగా, మామ్మ కూర్చునేంత దగ్గరగా చతికిలబడ్డాను. మోకాలు కలుక్కుమంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎదురుగా ముఖం లేదు. నాలో నేను గొణుక్కున్నట్టు మొదలుపెట్టాను.

"గట్టిగా చెప్పండమ్మగారూ" అంది కోడలు. "అత్తకి వినపడదు."

గట్టిగా చెప్పాను. గొంతు చించుకుని చెప్పాను. మూడో రోజు తెల్లవారుతుండగానే ఆడవాళ్ళు సుగంధాలు పట్టుకుని ఆయన్ని పెట్టినచోటికి బయలుదేరారని చెప్పాను. "చిన్నదినానికెళ్ళారన్నమాట" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఊఁ అన్నాను. రాయి ఎవరు తీస్తారని దారంతా దిగులుపడ్డారని చెప్పాను. వెళ్ళేసరికి రాయి పక్కకి దొర్లి ఉందని, లోపల బట్టలు తప్ప మనిషి లేడని, ఒకావిడ బయట నిలబడి ఏడుస్తుంటే ఆయనే వచ్చి ఆమెను పేరుపెట్టి పిలిచాడని, చచ్చిపోయినవాడు బతికి ఆమె ముందు నిలబడ్డాడని చెప్పాను. "లేచాడు మామ్మా" అన్నాను. "గోతిలోంచి లేచాడు." నా గొంతు బొంగురుపోయింది.

ఎవరూ కదల్లేదు. కాకీ కదల్లేదు.

"అయిపోయిందాండి?" అంది కోడలు మెల్లగా.

"అయిపోయింది."

అందరూ గుంజవైపు చూశారు. నేను కూడా చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. అది మెడ వంచి రెక్క కింద పొడుచుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. ప్రభువా, దీన్ని దించు, నువ్వు లేచిన సంగతి దానికి అక్కర్లేకపోతే పోయింది, ఈ పిల్ల ముఖం చూసైనా దించు అని ప్రార్థన చేశాను. కాకి కోసం! నా ప్రార్థన నాకే సిగ్గనిపించింది. ఇంక లేద్దామని దిబ్బ మీద చెయ్యి ఆనించాను. మట్టి వెచ్చగా తగిలింది. ఎదురుగా కూర్చుని ఉంటే అక్కడే ఆవిడ మోకాళ్ళుండేవి. ఈ పాటికి అడిగేసేది కదా అనుకున్నాను. ఏం తిన్నాడు?

మళ్ళీ కూర్చున్నాను.

"అవ్వలేదమ్మా" అన్నాను. "ఇంకొంచెం ఉంది."

లేచాక ఆయన వచ్చి తనవాళ్ళ మధ్య నిలబడితే వాళ్ళు దడుసుకున్నారని, దయ్యం కాదర్రా అని నమ్మించడానికి కాల్చిన చేపముక్క అడిగి వాళ్ళ కళ్ళముందే తిన్నాడని చెప్పాను. తర్వాత ఒకనాడు వాళ్ళు రాత్రంతా వల వేసినా ఒక్క చేపా పడలేదు. తెల్లారేసరికి గట్టున ఎవరో నిలబడి, అబ్బాయిలూ ఏమైనా పడ్డాయా అని కేకేశాడు. లేదన్నారు. అటుపక్క వెయ్యండి అన్నాడు. వేస్తే వల లాగలేనన్ని చేపలు. ఒడ్డుకొచ్చి చూస్తే ఆయన నిప్పులు చేసి చేపలు కాలుస్తున్నాడు, పక్కన రొట్టె పెట్టుకుని.

"ఆయనేనాండి? సొంత చేత్తోనే?" అంది కోడలు.

"సొంత చేత్తోనే. రండర్రా, తిందురుగాని రండి అని పిలిచాడు. తన్నొదిలి పారిపోయినవాళ్ళనే కూర్చోబెట్టి పెట్టాడు. అదీ మామ్మా. ఆయన తిన్నాడు, వాళ్ళందరికీ పెట్టాడు. ఇప్పుడైంది."

నేను తల ఎత్తలేదు. రెక్కల చప్పుడు వినపడింది. తర్వాత మామ్మ కొడుకు గొంతు, "ముట్టింది" అని. తర్వాత అందరి గొంతులూ. చూస్తే ఎండుచేప నోట కరుచుకుని కాకి కాలవ దాటి పోతోంది. ఇంతమంది కదలకుండా కూర్చుంటే, అంతసేపు ఆకలితో ఉన్న ఏ కాకైనా దిగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ దిబ్బ ముందు వెక్కివెక్కి ఏడ్చాను.

అందరూ కాలవలో మునిగి వచ్చారు. అప్పుడే ఇంకో మందవాళ్ళు పలకరింపుకి వస్తే, మామ్మ కొడుకు వాళ్ళని కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. "మొదట్లో ఏమీ లేదంట, అంతా నీళ్ళేనంట." సృష్టి దగ్గరనుంచి! సాయంత్రం దాకా అవ్వదు అనుకున్నాను. నేను సరిదిద్దలేదు. ఆ కథ ఇంక నాది కాదు.

బరకం నీడలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. కోడలు తడిచీరతోనే వచ్చి నా ఎదురుగా, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"తిన్నారాండి?" అంది.

"లేదమ్మా" అన్నాను. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పెట్టు."